నేను లేకపోతే ఏమి ఆగిపోతుంది?

అది ఒక మధ్యతరగతి ముస్లిం కుటుంబం. కుమారుడు ఇంజనీరింగ్ పూర్తిచేసి రెండేళ్ళయింది. ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్నాడు. ఇంట్లో అతనికి ప్రత్యేకంగా ఒక గది ఉంది. చేతిలో ఖరీదైన ఫోను ఉంది. వేళకు భోజనం గదిలోకే వస్తుంది. ఒకనాటి రాత్రి పళ్ళెం తెచ్చిన తల్లిని అతడు నెమ్మదిగా అడిగాడు: "అమ్మీ! నేను ఈ ఇంట్లో లేకపోతే ఏమి ఆగిపోతుంది?"

తల్లి నిర్ఘాంతపోయింది. "అలాంటి మాటలు అనకూడదు బేటా! నీకు మేమేం తక్కువ చేశాం?" అన్నది. తండ్రికి చెబితే ఆయన కూడా అదే మాట అన్నాడు: "వాడికేం తక్కువ చేశాం?"

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. ఊరు మారవచ్చు, చదువు మారవచ్చు, కుమారుడికి బదులు కుమార్తె ఉండవచ్చు. ఈ సంభాషణ మాత్రం నేడు మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తోంది. 'నీకేం తక్కువ చేశాం?' అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. 'నేను ఎవరికి కావాలి?' అన్నది బిడ్డ ప్రశ్న. మొదటి ప్రశ్నకు ఎన్ని సమాధానాలు చెప్పినా రెండవ ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

లేమి కాదు, వెలితి

యువత మనోవేదన మన దేశానికో, మన సమాజానికో పరిమితమైనది కాదు. 2021లో ప్రపంచవ్యాప్తంగా 15 నుండి 29 ఏళ్ళ వయసు వారి మరణ కారణాలలో ఆత్మహత్య మూడవ స్థానంలో ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. సంపన్న దేశమైన అమెరికానే తీసుకోండి. 2024 నాటి ప్రపంచ ఆనంద నివేదికలో అరవై ఏళ్ళు పైబడిన వారి సంతోషం విషయంలో ఆ దేశానిది 10వ స్థానం. ముప్పై ఏళ్ళ లోపు వారి విషయంలో అదే దేశం 62వ స్థానానికి దిగజారింది. అవే సౌకర్యాలు, అదే సంపద. అయినా మనవలకన్నా తాతలే సంతోషంగా ఉన్నారు! సుఖసాధనాలు పెరిగినంత మాత్రాన జీవితం నిండుగా అనిపించదని దీన్నిబట్టి స్పష్టమవుతోంది.

దీనికి కారణాలు అనేకం. నిరుద్యోగం ఒక కారణం. పసితనం నుండే మార్కులతో, ర్యాంకులతో మనిషిని తూచే చదువులు మరొక కారణం. ఇతరుల జీవితాల్లోని మెరుపులను మాత్రమే ఏరి చూపించే ఫోను తెర ఇంకొక కారణం. వీటి గురించి ఇప్పటికే చాలా మంది రాశారు. అంతగా చర్చకు రాని కారణం మరొకటి ఉంది. దానికి మనమే బాధ్యులం. "నువ్వు చదువుకో, అంతే చాలు. మిగతావన్నీ మేము చూసుకుంటాం" అని మనం మన పిల్లలతో ఎన్నిసార్లు అని ఉంటాం! ప్రేమతోనే అన్నాం. కాని ఆ మాట ఇరవై ఏళ్ళపాటు విన్న బిడ్డకు అర్థమయ్యేది ఒక్కటే: ఈ ఇంటికి నా మార్కులతో పని ఉంది, నాతో పని లేదు. మార్కులు తగ్గిన రోజున, ఉద్యోగం రాని రోజున అతనికి తన ఉనికి మీదనే అనుమానం కలుగుతుంది.

మన తాతల కాలంలో పన్నెండేళ్ళ బాలుడు తండ్రితోపాటు మగ్గం దగ్గరో, దుకాణంలోనో, పొలంలోనో ఉండేవాడు. ఆ రోజులు గొప్పవని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎందరో పిల్లల చదువును, ముఖ్యంగా ఆడపిల్లల చదువును ఆ బరువు మింగివేసింది. కాని 'నేను లేకపోతే ఏమి ఆగిపోతుంది?' అనే ప్రశ్న ఆ బాలుడికి పుట్టే అవకాశం తక్కువ. ఏమి ఆగిపోతుందో అతనికి తెలుసు.

ఆడపిల్లల పరిస్థితి మరొక విధమైనది. వారికి ఇంట్లో పనికి కొదవ లేదు. మాటకే చోటు లేదు. వంట ఎవరు చేయాలో ఆమెకు చెబుతారు. ఏ కోర్సు చదవాలో, పెళ్ళి ఎప్పుడో కూడా ఆమెకు 'చెబుతారు', ఆమెను అడగరు. తమ్ముడికి బాధ్యత లేక వెలితి, అక్కకు విలువ లేక వెలితి. పని అప్పగించడం వేరు, నమ్మి అప్పగించడం వేరు. ఈ రెండవదానినే మన ధర్మం 'అమానత్' అంటుంది.

బాగ్దాద్‌లో ఒక ఆచార్యుడు

ఈ శూన్యభావం బలహీనులకు మాత్రమే వస్తుందని అనుకోవడం పొరపాటు. ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితమే ఇందుకు నిదర్శనం. తూస్ నగరంలో పుట్టిన ఆయన 1091లో, ముప్పైల వయసులోనే, బాగ్దాద్‌లోని నిజామియా విద్యాపీఠానికి ఆచార్యులయ్యారు. ఆనాటి ఇస్లామీయ ప్రపంచంలో ఒక పండితుడు అందుకోగల గౌరవాలలో అది అత్యున్నతమైనది. వందలాది విద్యార్థులు, రాజదర్బారులో మన్నన, కీర్తి, సంపద... ఆయనకు లేనిదంటూ లేదు.

1095లో ఒకనాడు పాఠం చెప్పబోతే నోట మాట పెగలలేదు. క్రమంగా అన్నపానీయాలు కూడా సహించలేదు. రోగం మనసులో పుట్టి దేహానికి పాకిందని, మనసు కుదుటపడితే తప్ప మందులు పనిచేయవని వైద్యులు చెప్పారు. ఈ విషయాలన్నీ ఆయనే స్వయంగా 'అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్' అనే గ్రంథంలో దాపరికం లేకుండా రాసుకున్నారు. తన బోధన వెనుక ఉన్న ఉద్దేశాన్ని పరిశీలించుకుంటే, అది దైవప్రసన్నత కోసం కాదు, పేరు ప్రతిష్ఠల కోసం అని ఆయనకు తేలింది. దాదాపు ఆరు నెలలు ఊగిసలాడి, చివరకు కుటుంబ పోషణకు అవసరమైనంత ఉంచి, మిగతా ధనాన్ని పంచిపెట్టి బాగ్దాద్ విడిచి వెళ్ళిపోయారు. డమాస్కస్, జెరూసలేం, మక్కా, మదీనాలు దర్శించారు. 'ఇహ్యా ఉలూమిద్దీన్' వంటి మహాగ్రంథం ఆ అన్వేషణా కాలపు ఫలమే. 1106లో మళ్ళీ నీషాపూర్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. మునుపటి పనే, ఉద్దేశం మాత్రం వేరు.

మన యువకులకు ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, అన్నీ సాధించిన వ్యక్తికి కూడా ఆ వెలితి ఎదురైంది. కాబట్టి 'ఉద్యోగం వస్తే అంతా సర్దుకుంటుంది' అన్న మాట పూర్తి సత్యం కాదు. రెండవది, ఆ వెలితి ఆయన పతనానికి కాక, మేల్కొలుపుకు కారణమయింది. 'ఎవరి కోసం?' అని ఆయన అడుగగలిగారు గనుక.

ఓదార్పు ఎక్కడికి దారితీసింది?

మక్కాలో కొంతకాలం వహీ అవతరణ ఆగిపోయింది. అవిశ్వాసులు ఎత్తిపొడవసాగారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మనసు వ్యాకులపడింది. అప్పుడు అవతరించినదే 'అజ్జుహా' సూరా. ప్రభువు తనను విడనాడలేదని, తనపై ఆగ్రహించలేదని అందులో ప్రవక్త (స)కు భరోసా లభించింది. అనాథగా ఉన్నప్పుడు ఆశ్రయం దొరకడం, దారి తెలియనప్పుడు మార్గం దొరకడం, లేమిలో కలిమి కలగడం ఆయనకు గుర్తుచేయబడ్డాయి.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. ఆ సూరా ఓదార్పుతో ముగియలేదు. అనాథ పట్ల కాఠిన్యం వద్దని, అడిగేవాణ్ణి కసురుకోవద్దని, ప్రభువు అనుగ్రహాన్ని చాటమని ఆదేశిస్తూ ముగిసింది. అంటే బాధలో ఉన్న హృదయానికి అల్లాహ్ మొదట ప్రేమను గుర్తుచేశాడు, ఆ వెంటనే పనిని అప్పగించాడు. 'నిన్ను విడిచిపెట్టలేదు' అన్న మాట ఎంత ముఖ్యమో, 'నీ కోసం ఒక అనాథ ఎదురుచూస్తున్నాడు' అన్న మాట అంత ముఖ్యం.

లేత భుజాలపై అమానత్

దైవప్రవక్త (స) యువకులను ఎలా చూశారో పరిశీలిస్తే ఈ సంగతి మరింత విశదమవుతుంది. ఆయన మదీనాకు వలస వచ్చేనాటికి జైద్ బిన్ సాబిత్ (రజి) తండ్రిలేని పదకొండేళ్ళ బాలుడు. బద్ర్ యుద్ధానికి వస్తానంటే వయసు చాలదని తిప్పి పంపారని చరిత్రకారులు చెబుతారు. కాని ఆ బాలుణ్ణి అంతటితో వదిలివేయలేదు. అతని జ్ఞాపకశక్తిని గుర్తించి, యూదుల లిపి నేర్చుకోమని పురమాయించారు. పక్షం రోజుల్లో అతడు నేర్చుకున్నాడు. వహీ లేఖకుడయ్యాడు. ఇరవైల వయసులో, హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో, ఖుర్ఆన్ సంకలన బాధ్యత ఆ యువకుని భుజాలపైనే పడింది. ఖడ్గానికి తగడని తిరిగివచ్చిన చేతికి కలం అందింది. మన ఇంట్లో ఒక పరీక్షలో తప్పిన బిడ్డకు మనం ఏ రెండవ ద్వారం చూపిస్తున్నాం?

ఉసామా బిన్ జైద్ (రజి) ఇరవై ఏళ్ళయినా నిండకముందే సేనాధిపతి అయ్యారు. పెద్దలున్న సైన్యానికి కుర్రవాడు నాయకుడా అని కొందరు గొణిగితే, ప్రవక్త (స) ఆయన యోగ్యతను బహిరంగంగా సమర్థించారు. ప్రవక్త (స) మరణానంతరం ఆ సైన్యాన్ని సాగనంపుతూ ఖలీఫా అబూబక్ర్ (రజి), గుర్రంపై ఉన్న ఉసామా పక్కన కాలినడకన నడిచారు. హజ్రత్ ఉమర్ (రజి)ను తన దగ్గర ఉంచుకోవడానికి ఆ యువ సేనాని అనుమతి కోరారు! హిజ్రత్ సమయంలో సౌర్ గుహకు వెళ్ళే ఆహారాన్ని తన నడికట్టు చీల్చి మూటగట్టిన యువతి అస్మా బిన్తె అబూబక్ర్ (రజి). ఒక సందర్భంలో ప్రవక్త (స) కుడివైపున ఒక బాలుడు, ఎడమవైపున పెద్దలు కూర్చుని ఉన్నారు. పానీయం పెద్దలకు ముందుగా ఇవ్వడానికి ఆయన ఆ బాలుని అనుమతి అడిగారు. బాలుడు తన వంతు వదులుకోవడానికి ఇష్టపడలేదు. ప్రవక్త (స) పాత్రను అతని చేతికే అందించారు. పిల్లవాడి మాటకు దక్కిన విలువ అది.

ఇది మందలించవలసిన విషయం కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బాధలో ఉన్న యువకుణ్ణి "నీ ఈమాన్ బలహీనమైంది, అందుకే ఇలా ఉన్నావు" అని నిందించడం అన్యాయం. కుమారుని ఎడబాటులో ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయిన హజ్రత్ యాఖూబ్ (అలై) దైవప్రవక్తే కదా! దుఃఖం విశ్వాసలోపం కాదు. పైగా కుంగుబాటు ఒక వ్యాధి. ప్రతి వ్యాధికీ చికిత్స ఉన్నదని బోధించిన ధర్మం మనది. జ్వరానికి వైద్యుని వద్దకు వెళ్ళే మనం దీనికి వెళ్ళడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

నిద్ర, తిండి తప్పినా, నమాజుకు, స్నేహితులకు దూరమైనా, 'నేను లేకపోతే' అన్న మాట నోట వచ్చినా, దానిని తేలికగా తీసుకోకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, మృదువుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, మనసు తెరుచుకుంటుంది. ఒంటరిగా వదలకండి. మానసిక వైద్యుని సంప్రదించండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరు ద్వారా ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

మన ఇళ్ళలో, మన మస్జిదులలో

రమజాన్ మాసంలో మస్జిదులో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ పరిచే కుర్రవాణ్ణి ఎప్పుడైనా గమనించారా? ఉపవాసంతో ఉండి కూడా అటూ ఇటూ పరుగులు తీస్తాడు. ఖర్జూరాలు అందరికీ అందాయో లేదో చూస్తాడు. అతని ముఖంలో ఆ వెలుగు ఎక్కడిది? అతను రాకపోతే ఆ సాయంత్రం ఏదో ఆగిపోతుంది, అది అతనికి తెలుసు. పండుగ వెళ్ళిన మరునాడు ఆ కుర్రవాడికి మనం ఏ పని ఇస్తున్నాం? కరోనా కాలంలో మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ముస్లిం యువకుల బృందాలు, అయినవారే దగ్గరకు రాలేని మృతులకు, మతభేదం చూడకుండా అంత్యక్రియలు జరిపించాయి. ఆ శక్తి ఎక్కడికీ పోలేదు. పిలుపు కోసం ఎదురుచూస్తోంది.

పిలుపు ఇంటి నుండే మొదలుకావాలి. నెల ఖర్చుల లెక్క కుమారుని చేతిలో పెట్టి, అతని సలహా అడగండి. కామర్స్ చదువుతున్న కుమార్తెకు ఈసారి ఇంటి జకాత్ లెక్క అప్పగించండి. బంగారం, పొదుపు, అప్పులు చూసి రెండున్నర శాతం ఎంతో, దానికి హక్కుదారులెవరో ఆమెనే తేల్చనివ్వండి. దాదీ మందుల బాధ్యత ఒకరిది, ఆస్పత్రికి తీసుకువెళ్ళే బాధ్యత మరొకరిది చేయండి. పొరపాట్లు జరుగుతాయి. జరగనివ్వండి. మస్జిదు కమిటీలలో ఇద్దరు యువకులకైనా చోటు ఇవ్వండి. ఇషా తరువాత పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడానికి, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపడానికి ఉద్యోగం రాని ఆ ఇంజనీరుకన్నా తగినవాడు ఎవరు?

ఒక మాట మరువరాదు. మనిషి విలువ అతను చేసే పనిని బట్టి రాదు. మంచం పట్టిన వృద్ధునికీ, నడవలేని పసివానికీ విలువ ఇచ్చినవాడు అల్లాహ్. ఒక ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళిని కాపాడడంతో సమానమని ఖుర్ఆన్ బోధిస్తోంది. పని ఆ విలువను సృష్టించదు, మరచిపోయినవానికి గుర్తుచేస్తుంది.

కాబట్టి ఆ రాత్రి అడిగిన ప్రశ్న మీ ఇంట్లో వినిపిస్తే, 'నీకేం తక్కువ చేశాం?' అనకండి. పళ్ళెం పక్కన పెట్టి అతని దగ్గర కూర్చోండి. "నువ్వు లేకపోతే నా గుండె ఆగిపోతుంది బేటా. ముందు నీ మనసులోని మాట చెప్పు, వింటాను" అనండి. వినండి. అవసరమైతే వైద్యుని వద్దకు మీరే వెంట వెళ్ళండి. మనసు కుదుటపడిన తరువాత, రేపటి నుండి భోజనం గదిలోకి పంపకండి. దస్తర్‌ఖాన్ పరచడానికి అతన్నే పిలవండి.

మన బిడ్డల హృదయాలకు అల్లాహ్ ప్రశాంతతను, వారి జీవితాలకు ఉన్నత లక్ష్యాన్ని ప్రసాదించుగాక! వారిని నమ్మే విశాల హృదయాన్ని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.