యుద్ధనౌక కవరు: తపాలా ముద్ర చెప్పేది, చెప్పనిది

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• తపాలా ముద్రను చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.
• యుద్ధనౌకల ఉత్తరాలలో స్థలాన్ని ఎందుకు దాచిపెడతారో వివరించగలుగుతారు.

1. పరిచయం

చేవెళ్ళలోనో మొయినాబాద్‌లోనో పోస్టు చేసిన ఒక పాత కవరును పరిశీలించండి. స్టాంపుపై పడిన ముద్రలో పోస్టాఫీసు పేరు, తేదీ ఉంటాయి. ఉత్తరం ఎక్కడ, ఎప్పుడు బయలుదేరిందో అవే చెబుతాయి. వెనుకవైపు బట్వాడా ఆఫీసు ముద్ర కూడా ఉంటే ప్రయాణానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కించవచ్చు. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే ఆ కవరు 1972 ఆగస్టు 15కు ముందుది కాదని గ్రహించవచ్చు. పిన్‌కోడ్ విధానం ఆ రోజే మొదలైంది.

2. స్థలం లేని చిరునామా

సైనికుడికి ఉత్తరం రాసేవారు ఊరి పేరుకు బదులు 56 ఏ.పి.ఓ. లేదా 99 ఏ.పి.ఓ. అని రాస్తారు. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలోనూ ఊరి పేరు ఉండదు, ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది. నావికుడికైతే ఓడ పేరు రాసి, దాని కింద ముంబై లేదా విశాఖపట్నం ఫ్లీట్ మెయిల్ ఆఫీసు అని రాస్తారు. ఓడ ఏ సముద్రంలో ఉన్నా ఈ చిరునామా మారదు. కాబట్టి చిరునామాలో విశాఖ అని ఉన్నంత మాత్రాన ఓడ ఆ రోజు విశాఖలో ఉన్నట్లు కాదు.

3. ఎందుకీ గోప్యత?

దీనికి 1971 యుద్ధం మంచి ఉదాహరణ. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుకుతూ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించడానికి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఒక పథకం వేశారు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ విక్రాంత్‌లా నటించింది. విక్రాంత్ నావికుడొకరు జబ్బుపడిన తల్లి క్షేమం అడుగుతున్నట్లు ఒక సొంత టెలిగ్రామ్‌ను రహస్య సంకేతాలు లేకుండా పంపించారు. ఈ సంగతి కృష్ణన్ తన ఆత్మకథలో రాశారు. డిసెంబరు 3–4 రాత్రి ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది.

ఇంటి కబురు ఒకటి చాలు, ఓడ జాడ బయటపడడానికి. ఇక్కడ ఆ సంగతిని శత్రువును మోసగించడానికి వాడుకున్నారు. నిజమైన ఉత్తరాల విషయంలో అదే ప్రమాదాన్ని నివారించడానికి స్థలాన్ని దాచిపెడతారు.

అమెరికాలో 1908 నుంచి యుద్ధనౌకలపైనే పోస్టాఫీసులు ఉండేవి. వాటి ముద్రలలో ఓడ పేరు కనిపించేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ పేర్లను తొలగించారు.

4. ఒక జాగ్రత్త

ఓడ బొమ్మ ఉన్న ప్రతి కవరూ ఓడ నుంచి వచ్చినది కాదు. 2022 ఫిబ్రవరి 21న విశాఖలో జరిగిన రాష్ట్రపతి నౌకాదళ సమీక్ష సందర్భంగా స్టాంపును, తొలిరోజు కవరును విడుదల చేశారు. అటువంటి కవరు ఆ ఉత్సవానికి ఆధారం. నావికుడి ప్రయాణానికి ఆధారం కాదు.

5. సారాంశం

తపాలా ముద్రలో ఉన్న సమాచారంతో పాటు లేని సమాచారం కూడా చరిత్ర విద్యార్థికి ముఖ్యమే. ఇంట్లో పాత ఉత్తరాలుంటే కాగితాన్ని దాచి కవరును పారేయకండి. చాలాసార్లు తేదీ, యూనిట్ వివరాలు కవరు మీదే మిగులుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘ఫ్లీట్ మెయిల్ ఆఫీసు, విశాఖపట్నం’ అన్న చిరునామాను బట్టి ఓడ ఎక్కడుందో నిర్ధారించగలమా? కారణం తెలపండి.
2. మీ ఇంట్లోని ఒక పాత కవరును తీసుకుని, దాని నుంచి నిర్ధారించగలిగే రెండు అంశాలను, నిర్ధారించలేని ఒక అంశాన్ని రాయండి.