పునీత దామియన్ సేవ - పంచాయతీల కర్తవ్యము

బెల్జియములో 1840లో జన్మించిన ఫాదర్ దామియన్ 1873లో హవాయి దీవులలోని మొలొకాయికి పోయి, అచట వెలివేయబడిన కుష్ఠురోగుల నడుమ నివసించెను. వారి పుండ్లకు కట్లు కట్టెను, ఇండ్లు నిర్మించెను. తుదకు ఆ వ్యాధియే సోకి 1889లో మరణించెను. కతోలిక సంఘము 2009లో ఆయనను పునీతునిగా ప్రకటించెను.

నాడు ఆ వ్యాధికి మందు లేదు, నేడు కలదు. 1980-90 దశకములో బహుళ ఔషధ చికిత్స మన దేశమున తొలుత ప్రవేశించిన జిల్లాలలో శ్రీకాకుళము, విజయనగరము కలవు. 6 లేక 12 నెలలు మందు వాడిన వ్యాధి నయమగును; మందు ఉచితము. అయినను వెలికి వెరచి పలువురు మచ్చను దాచుకొందురు. ఆలస్యమైనచో వ్రేళ్లు వంకరపోవును.

కావున పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది ఇది: స్పర్శ లేని మచ్చ గలవారిని వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. మందు వాడుచున్నవారిని నూతివద్దను, పనిలోను, గ్రామసభలోను తోటివారిగా చూడుడు. దామియన్ ప్రాణమే అర్పించెను. మనము విడువవలసినది భయ మొక్కటియే.