గ్రూపు ఫోటోలో అంచులు ఎందుకు పాలిపోయాయి?

మీ తరగతి గ్రూపు ఫోటోను చీకటి గదిలో ఎన్‌లార్జర్ కింద మీరే పెద్దది చేశారనుకోండి. మధ్యలో కుర్చీలో కూర్చున్న హెడ్మాస్టరుగారు చక్కగా వచ్చారు. వరుసల చివర నిలబడినవాళ్ల ముఖాలు మాత్రం సున్నం పూసినట్లు పాలిపోయాయి. ఆ ఫోటోను వాళ్ల చేతికెలా ఇస్తారు? "కెమెరా మంచిది కాదు" అని తప్పించుకుందామా? కుదరదు. ఎందుకో చూడండి.

ఫోటో కాగితంపై వెలుగు ఎక్కువ పడినచోట నలుపు, తక్కువ పడినచోట తెలుపు వస్తుంది. నెగటివ్ సంగతీ అంతే. కెమెరా కటకం సాధారణంగా ఫిల్మ్ మూలలకు కాస్త తక్కువ వెలుగునిస్తుంది. అక్కడ నెగటివ్ పలచబడుతుంది. దాని గుండా ఎక్కువ వెలుగు దిగి కాగితాన్ని నల్లబరుస్తుంది. కాబట్టి తప్పు కెమెరాదే అయితే అంచులు నల్లబడాలి. మనకు తెల్లబడ్డాయి కదా! దొంగ ఎన్‌లార్జర్‌లోనే ఉన్నాడు.

వాణ్ణి పట్టుకోవడం సులువే. నెగటివ్ తీసేసి, లేత బూడిదరంగు వచ్చేంతసేపు మాత్రమే కాగితంపై వెలుగు పడనిచ్చి డెవలప్ చేయండి. కంటికి సమంగా కనబడిన వెలుగులోని హెచ్చుతగ్గులు కాగితంపై బయటపడతాయి. (డెవలపర్ తట్టను ఆడిస్తూ ఉండాలి సుమా! లేకపోతే అక్కడి మరకను వెలుగు తప్పు అనుకుంటారు.)

ఒక పక్కే తెల్లగా ఉంటే బల్బు పక్కకు జరిగిందన్నమాట. నాలుగు మూలలూ తెల్లగా ఉంటే బల్బు ఎత్తు మార్చి చూడండి. బల్బు కింద ఉండే కండెన్సర్ కటకాలు వెలుగును పోగుచేసి, నెగటివ్ గుండా పంపి, కింది కటకంలోకి చేరుస్తాయి. బల్బు స్థానం తప్పితే ఆ వెలుగులో కొంత దారి తప్పుతుంది. పాలరంగు బల్బుకు బదులు తీగ కనబడే బల్బు పెట్టినా వెలుగు మచ్చలుగా పడవచ్చు.

బల్బు సరిగానే ఉంటే కటకం రంధ్రాన్ని ఒకటి రెండు మెట్లు తగ్గించండి. అంచు కిరణాలకు కటకపు గొట్టమే అడ్డు తగులుతుంటే ఆ లోపం పోతుంది.

అయినా కొంత మిగలవచ్చు. అది లెక్కల పని! కొన్ని ఎన్‌లార్జర్లలో కండెన్సర్‌కు బదులు పాలగాజు పలక ఉంటుంది. వాటిలో మూల వెలుగు, కిరణం వాలిన కోణపు కొసైన్ నాలుగో ఘాతం ప్రకారం తగ్గుతుంది. 35 మి.మీ. ఫిల్మ్‌ను 50 మి.మీ. కటకంతో 5 రెట్లు పెంచితే ఆ కోణం సుమారు 20 డిగ్రీలు. మధ్యలో 100 పాళ్లు పడితే మూలలో పడేది 78 పాళ్లే. 80 మి.మీ. కటకమైతే 90 పాళ్లు పడతాయి. కాని నెగటివ్‌కూ కాగితానికీ మధ్య దూరం 36 సెం.మీ. నుంచి సుమారు 58 సెం.మీ.కు పెంచాలి. మన స్తంభం అంత పొడవుండాలిగా!

లేకపోతే చేతిపనే గతి. మధ్య భాగానికి 10 సెకన్లు చాలితే, అక్కడ అట్టముక్క అడ్డుపెట్టి, దాన్ని మెల్లగా కదుపుతూ, మూలలకు మరో 3 సెకన్లు ఇవ్వండి. చివర నిలబడినవాళ్లూ హెడ్మాస్టరుగారంత చక్కగా వస్తారు.