పెద్ద సరస్సుల తీరాన శరత్కాలపు పొగమంచు, అకాల వెచ్చదనం – పండ్లతోటలపై వాటి ప్రభావం

ఉత్తర అమెరికాలోని మిషిగన్ సరస్సు వైశాల్యం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, సగటు లోతు 85 మీటర్లు. దీని తూర్పు తీరం వెంబడి కొద్ది పదుల కిలోమీటర్ల వెడల్పున ఆపిల్, చెర్రీ, పీచ్, ద్రాక్ష తోటలు బారులు తీరి ఉంటాయి. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, తీవ్రమైన చలికాలం గల ఖండాంతర ప్రాంతంలో ఇంత సున్నితమైన పండ్లు పండటానికి ముఖ్య కారణం నేల కాదు, సరస్సే. అయితే సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో తోటను కాపాడే ఆ నీరే, మరికొన్ని రోజుల్లో తెగుళ్ళకు అనువైన తడిని కూడా సమకూరుస్తుంది. ఈ రెండు ఫలితాలూ ఒకే పొగమంచు చాటున కనిపించడం వల్ల క్షేత్రస్థాయి సలహాలలో పొరపాట్లు దొర్లుతుంటాయి.

నీటి విశిష్టోష్ణం చాలా ఎక్కువ. ఒక కిలో నీరు ఒక డిగ్రీ సెల్సియస్ చల్లబడితే 4.18 కిలోజౌళ్ళ ఉష్ణం వెలువడుతుంది. వేసవి ఎండను తాగిన 20 మీటర్ల పైపొర ఒక్క డిగ్రీ చల్లబడితే ప్రతి చదరపు మీటరు నుండి దాదాపు 84 మెగాజౌళ్ళు గాలికి చేరుతాయి. నిర్మలమైన రాత్రి నేల వికిరణం ద్వారా కోల్పోయే నికర ఉష్ణం రెండు మూడు మెగాజౌళ్ళకు మించదు. కనుక సరస్సు తన వేడిని వారాల తరబడి నెమ్మదిగా ఖర్చు చేయగలదు. నేల చల్లబడిన తరువాత కూడా నీరు వెచ్చగానే ఉంటుంది. పశ్చిమ గాలులు ఆ వెచ్చదనాన్ని తూర్పు తీరానికి మోసుకొస్తాయి. ఆకులపై మంచు గడ్డకట్టే తుహినం లోతట్టు పొలాలకంటే తీరపు తోటలకు ఆలస్యంగా వస్తుంది.

ఈ రక్షణ అన్ని రాత్రులా ఒకే తీరుగా ఉండదు. గాలి నిలిచిపోయి ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చల్లబడిన నేలగాలి పల్లానికి జారి సరస్సు వైపే వీస్తుంది. నీటి మీది వెచ్చదనం తోటను చేరదు. తుహినభయం అత్యధికంగా ఉండేది సరిగ్గా అటువంటి రాత్రే. పశ్చిమగాలి వీచినప్పుడు, లేదా వెచ్చని నీటిపై ఏర్పడిన మేఘాలు తీరాన్ని కప్పినప్పుడు మాత్రమే సరస్సు పూర్తిగా ఆదుకుంటుంది. అనుభవజ్ఞులు తీరంలో కూడా పల్లాలను వదిలి మిట్టల మీదనే మొక్కలు నాటడంలోని ఆంతర్యం ఇదే.

ఇక పొగమంచు. చూపుకు ఒకటే అయినా శరదృతువు తొలినాళ్ళలో మూడు విధాల పొగమంచు ఈ తీరాన ఏర్పడుతుంది.

మొదటిది ఆవిరి మంచు. చల్లని గాలి వెచ్చని నీటిమీదికి వచ్చినప్పుడు నీటిపై పొగలు లేస్తాయి. రెండు అసంతృప్త వాయువులు కలిసి సంతృప్తం కావడం విద్యార్థులకు వింతగా తోచవచ్చు. నీటిని ఆనుకొన్న గాలి 20 డిగ్రీల వద్ద దాదాపు సంతృప్తమై ఉందనుకుంటే అక్కడి బాష్పపీడనం 23.4 హెక్టోపాస్కళ్ళు. పైనుండి వచ్చిన 5 డిగ్రీల తేమగాలిలో గరిష్ఠంగా 8.7. ఇవి సమపాళ్ళలో కలిస్తే ఉష్ణోగ్రత 12.5 డిగ్రీలు, బాష్పపీడనం 16 హెక్టోపాస్కళ్ళు అవుతాయి. కాని 12.5 డిగ్రీల వద్ద గాలి మోయగలిగేది 14.5 మాత్రమే. మిగిలిన ఆవిరి బిందువులుగా మారక తప్పదు. సంతృప్త బాష్పపీడన రేఖ సరళరేఖ కాకుండా పైకి వంగి ఉండటమే దీనికి మూలం. పైగాలి కొంత పొడిగా ఉన్నా ఈ మిశ్రమంలో మంచు ఏర్పడగలదు. ఇటువంటి మంచు తరచు తీరం దాటకముందే చెదిరిపోతుంది. తోటకు ఇది హాని చేయకపోగా, నీరు గాలికి ధారాళంగా ఉష్ణాన్ని ఇస్తున్నదని తెలిపే సూచన.

రెండవది ఇందుకు సరిగ్గా విరుద్ధం. దక్షిణం నుండి అకాలపు వెచ్చని, తేమతో నిండిన గాలి వచ్చి చల్లని నీటిపై పారినప్పుడు, నీటి ఉష్ణోగ్రత ఆ గాలి తుషారాంకం కంటే తక్కువగా ఉంటే దట్టమైన మంచు తెర ఏర్పడుతుంది. సెప్టెంబరులో వెచ్చగా ఉండవలసిన నీరు చల్లబడటం ఎలా? తూర్పు తీరాన ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే భూభ్రమణ ప్రభావం వల్ల పైనీరు గాలి దిశకు కుడివైపునకు, అంటే తీరానికి దూరంగా, నెట్టబడుతుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు ఉబికి వస్తుంది. ఒకటి రెండు రోజులలోనే తీరజలం పలు డిగ్రీలు చల్లబడవచ్చు. ఆ వెనుకనే దక్షిణగాలి తిరిగితే పొగమంచు తప్పదు. పశ్చిమ తీరాన పరిస్థితి మరింత చిత్రమైనది. అక్కడ చల్లని నీటిని పైకి లాగేది దక్షిణగాలే కనుక, వెచ్చదనమూ మంచూ ఒకే గాలి వెంట వస్తాయి.

మూడవది నేలమీద పుట్టే వికిరణ మంచు. రాత్రులు నిడివెక్కిన కొద్దీ, వాన వెలిసిన తడినేలపై, గాలి లేని వేళ ఇది లోయల్లో నిండుతుంది. సరస్సు పాత్ర గాలికి తేమను అందించడం వరకే.

తోటకు కీలకమైనది రెండవ విధపు మంచు, వెచ్చని రాత్రులలో వచ్చే మూడవ విధపు మంచు. కారణం ఆకు తడి వ్యవధి. సాయంకాలం పడిన మంచు తడి మామూలుగా సూర్యోదయం తరువాత త్వరగా ఆరిపోతుంది. పొగమంచు కమ్మితే ఆ తడి ఉదయం చాలా పొద్దెక్కేవరకు నిలుస్తుంది. ద్రాక్షలో గుత్తికుళ్ళు కలిగించే బోట్రైటిస్ శిలీంధ్రానికి 15–20 డిగ్రీల వెచ్చదనం, ఎడతెగని తడి ఎంతో అనుకూలం. చల్లని తడిలో మందకొడిగా సాగే సంక్రమణ, వెచ్చని తడిలో ఒక్క రాత్రిలోనే పూర్తవుతుంది. ఉష్ణోగ్రతను, తడి గంటలను కలిపి చూడాలన్న భావన ఆపిల్ స్కాబ్ విషయంలో 1944లో మిల్స్ రూపొందించిన పట్టికతో స్థిరపడింది. నేటి తెగుళ్ళ హెచ్చరిక విధానాలలో చాలావాటికి ఆధారం అదే సూత్రం. వర్షపాతం సున్నా అని చూసి తడి లేదనుకోవడం ఈ కాలంలో జరిగే సాధారణ పొరపాటు. వర్షమాపకం పొగమంచును లెక్కించదు.

వెచ్చని రాత్రుల వల్ల మరొక చిక్కు ఉంది. ఆపిల్ తొక్కకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ తయారీకి ఎండ పగళ్ళతో పాటు చల్లని రాత్రులు కావాలి. రాత్రి చల్లబడకపోతే రంగు ఆగుతుంది కాని పక్వత ఆగదు. రంగుకోసం ఎదురుచూస్తూ కోత వాయిదా వేసిన రైతుకు కాయ మెత్తబడి, నిలువ గుణం తగ్గి, రాలుడు పెరిగి నష్టం మిగులుతుంది. ఇటువంటి సంవత్సరాలలో రంగును పక్కనపెట్టి, కోసిన కాయను అయొడిన్ ద్రావణంలో ముంచి పిండిపదార్థం ఎంత మిగిలిందో చూసి కోత నిర్ణయించడం మేలు.

అంతకంటే దీర్ఘకాలిక ప్రమాదం చెట్టు కాండంలో ఉంటుంది. పగటి నిడివి తగ్గడం, క్రమంగా చలి పెరగడం అనే రెండు సంకేతాలతో చెట్టు చలిని తట్టుకునే స్థితికి చేరుకుంటుంది. శరత్కాలం వెచ్చగా సాగితే రెండవ సంకేతం ఆలస్యమవుతుంది. 1940 నవంబరు 11న, వెచ్చని రోజుల వెంటనే అమెరికా మధ్య ప్రాంతంపై విరుచుకుపడిన చలిగాలి అయోవా తదితర రాష్ట్రాలలో ఆపిల్ తోటలను పెద్ద ఎత్తున చంపివేసింది. అదే తుఫానులో మిషిగన్ సరస్సుపై ఓడలు మునిగాయి. అయోవా పండ్ల పరిశ్రమ ఆ దెబ్బనుండి పూర్వస్థితికి తిరిగి రాలేదు. అక్కడి తోటలకు గాలివాలున పెద్ద సరస్సు లేదు.

ఈ విషయాన్ని కొల్లేరుకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. విశాలమే అయినా లోతు తక్కువ. ఒకటిన్నర మీటర్ల నీరు ఒక డిగ్రీ చల్లబడితే చదరపు మీటరుకు వెలువడేది 6.3 మెగాజౌళ్ళే. అంటే రాత్రి చలిని కొంత తగ్గించగలదేమో గాని, ఒక ఋతువు వేడిని మరో ఋతువుకు మోయలేదు. మిషిగన్ తీరంలా ఇక్కడ ఋతువు జరగదు. కొల్లేరు పరిసరాలలో శీతాకాలపు ఉదయాల మంచు ప్రధానంగా వికిరణ మంచు. సరస్సు, చెరువులు, తడిపొలాలు దానికి తేమనిస్తాయి.

అయినా ఆకు తడి సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. వరిలో అగ్గి తెగులు రాత్రి చల్లదనంతో పాటు ఆకుపై నిలిచే తడిని ఆశ్రయిస్తుంది. మామిడి పూతపై బూడిద తెగులు మాత్రం వేరు. దాని సిద్ధబీజాలు మొలవడానికి నీటిపొర అక్కరలేదు, గాలిలో తేమ చాలు. కనుక మంచు పడిన ప్రతి ఉదయం రెంటికీ ఒకే సలహా ఇవ్వడం శాస్త్రీయం కాదు.

చేపల, రొయ్యల చెరువులలో పొగమంచు ప్రభావం మరో మార్గంలో ఉంటుంది. నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠానికి చేరి, వెలుతురు పెరిగి నాచులో కిరణజన్య సంయోగక్రియ మొదలైన తరువాత కోలుకుంటుంది. మంచు కమ్మిన ఉదయం ఆ వెలుతురు ఆలస్యమవుతుంది, ప్రాణవాయువు లోటు కొనసాగుతుంది. అలవాటు చొప్పున సూర్యోదయం కాగానే ఏరియేటర్లను ఆపివేసే రైతుకు, ఆ రోజు గడియారాన్ని కాక ప్రాణవాయువు మీటరును చూసి ఆపమని చెప్పవలసి ఉంటుంది.