పక్కపేట జట్టు ఫైనల్‌కు వెళితే...

తెలుగువాడు ఏ దేశం వెళ్లినా ఆవకాయ జాడీ, దేవుడి పటం, క్రికెట్ పిచ్చి వెంట తీసుకెళతాడని మన పెద్దలు వేళాకోళం చేస్తుంటారు. ఖతార్ వచ్చినవాడికి వీటికి తోడు ఇక్కడే ఇంకొకటి అంటుకుంటుంది. అదే ఫుట్‌బాల్. శుక్రవారం సాయంత్రం నజ్మా వీధుల్లో టీ కొట్టు ముందు నిలబడి కరక్ చాయ్ తాగేవాళ్లను గమనించండి. మలయాళీ సోదరులు, నేపాలీలు, ఈజిప్టువాళ్లు, సూడానువాళ్లు ఎవరి భాషలో వాళ్లు గోల్ గురించే వాదించుకుంటూ ఉంటారు. ఆ గుంపు మధ్యలో మన తెలుగువాడు ఎన్నాళ్లని మౌనంగా ఉండగలడు?

నేను 2003లో నజ్మాలో దిగాను. నజ్మా అంటే అరబ్బీలో నక్షత్రం. పేరు చూసి ఆకాశాన్ని ఊహించుకున్నాను గానీ దొరికింది అయిదుగురి మధ్య ఒక గది, గోడకు ఒక కిటికీ ఏసీ, సూక్ హరాజ్‌లో బేరమాడి కొన్న పాత మంచం. ఆ ఏడాదే అర్జెంటీనా వీరుడు గాబ్రియేల్ బటిస్టూటా అల్ అరబీ క్లబ్బుకు ఆడడానికి దోహా వచ్చాడు. ఇద్దరం ఒకే ఏడాది ఉద్యోగానికి వచ్చామని మిత్రుల దగ్గర చెప్పుకునేవాణ్ణి. జీతాల సంగతి మాత్రం ఎత్తేవాణ్ణి కాదు! ఆ సీజన్లో ఆయన 25 గోల్స్ కొట్టాడు. అరబీ వాళ్ల గ్రాండ్ హమద్ స్టేడియం మా గదికి అట్టే దూరం కాదు. అలా నేను ఎర్రచొక్కా అరబీ అభిమానినయ్యాను.

అభిమానం ఉన్నచోట పంతమూ ఉంటుంది కదా. మాకు పడనిది తెలుపు నలుపు రంగుల అల్ సద్. అరబీ 1952లో పుట్టిన క్లబ్బు. సద్ 1969లో పుట్టింది. వెనక పుట్టినవాడు ముందున్నవాణ్ణి దాటిపోతే అన్నగారికి ఎలా ఉంటుందో మాకూ అలాగే ఉండేది. 1989లో సద్ జట్టు బాగ్దాద్‌లో అల్ రషీద్ చేతిలో 3-2 తేడాతో ఓడినా దోహాలో 1-0తో గెలిచి, పరాయి గడ్డమీద కొట్టిన గోల్స్ లెక్కన ఆసియా క్లబ్బుల కిరీటం తెచ్చుకుంది. మా అరబీ 1995లో అదే పోటీ ఫైనల్ దాకా వెళ్లి థాయ్ ఫార్మర్స్ బ్యాంక్ జట్టు చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. 1997 తర్వాత మాకు లీగ్ టైటిల్ లేదు. ఈ లెక్కలన్నీ మా గదిలో రోజూ అప్పజెప్పేవాడు ఒకడుండేవాడు. ఆయన కరీంనగర్ అన్న. సద్‌కు వీరాభిమాని.

2011 దీపావళి

మా గది గురించి కాస్త చెప్పాలి. కరీంనగర్ అన్న, హైదరాబాద్ పాతబస్తీ చాచా, కడప బావ, కోనసీమ తమ్ముడు, పశ్చిమ గోదావరి నుంచి నేను. చాచా డ్రైవరు, అందరికంటే పెద్దవాడు. ఎనిమిదేళ్లు ఒకే మెస్‌లో తిన్నాం. వారానికి ఒకరు వంట. అన్న వంతు వస్తే సర్వపిండి, నా వంతు వస్తే పులస మీద ఉపన్యాసం, తినడానికి మాత్రం బఖాలాలో దొరికిన గడ్డకట్టిన చేప!

2011 సెప్టెంబర్ 13న తెలంగాణలో సకల జనుల సమ్మె మొదలైంది. నలభై రెండు రోజులు సాగింది. అన్న తమ్ముడు సింగరేణిలో పనిచేసేవాడు. సమ్మెలో ఉన్నాడు, ఇంటికి జీతం రాలేదు. ఆ నెల అన్న రెండిళ్లకు డబ్బు పంపాడు. మా చెల్లెలు, బావగారు హైదరాబాద్‌లో అప్పుచేసి ఫ్లాటు కొనుక్కున్నారు. రేపు ఏమవుతుందోనని ఆమె ఫోన్లో ఏడ్చేది. ఎవరి బాధ వారికి నిజమే. గదిలో టీవీ వార్తలు పెడితే చాలు, మాటా మాటా పెరిగేది. నెలాఖరుకల్లా మెస్ రెండయింది. ఒకే పొయ్యి పక్కన రెండు రైస్ కుక్కర్లు, రెండు పప్పు డబ్బాలు. చాచా మాత్రం రెండువైపులా కంచం పట్టుకుని, "నేను రెండు రాష్ట్రాల బిడ్డను, రెండు చోట్లా తింట" అనేవాడు. ఆ మాటకూ ఎవరూ నవ్వేవారు కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సద్ జట్టు ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో ముందుకు పోతోంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో అర్హత పోటీల మెట్టు నుంచి మొదలుపెట్టిన జట్టు అది. అక్కడ వాళ్లు ఓడించిన వారిలో మన గోవా డెంపో క్లబ్బు కూడా ఉంది. క్వార్టర్ ఫైనల్లో ఇరాన్ సెపహాన్ జట్టు అనర్హుడైన ఆటగాణ్ణి దింపిందని తొలి మ్యాచ్ ఫలితం మార్చి సద్‌కు 3-0గా ఇచ్చారు. "ఆఫీసులో గెలిచిన మ్యాచ్" అని నేనూ కోనసీమ తమ్ముడూ ఎగతాళి చేశాం. అక్టోబర్ 19న కొరియాలో సువాన్‌తో సెమీ ఫైనల్ మొదటి మ్యాచ్. గాయపడిన సహచరుడి కోసం సువాన్ వాళ్లు బంతిని బయటకు కొట్టారు. మర్యాద ప్రకారం బంతి తిరిగి వాళ్లకే ఇవ్వాలి. సద్ ఆటగాడు మమదూ నియాంగ్ దాన్ని అందుకుని గోల్ కొట్టేశాడు. మైదానంలో పెద్ద కొట్లాట. చివరికి సద్ 2-0తో గెలిచింది. ఆ రాత్రి అన్న మొహం చూడాలి. గెలిచినందుకు సంబరం లేదు. "గట్ల గెలుసుడు నాకు మనసున పట్టలే తమ్మీ" అన్నాడు. చాలా రోజుల తర్వాత నన్ను "తమ్మీ" అని పిలవడం అదే.

రెండో మ్యాచ్ దోహాలోనే, అక్టోబర్ 26న. ఆ రోజే దీపావళి. సమ్మె ముగిసి రెండు రోజులైంది. అన్న దగ్గర రెండు టికెట్లున్నాయి. ఒకటి నా మంచం మీద పెట్టి, "వస్తవా?" అని ఒక్క మాట అన్నాడు. అరబీ అభిమాని సద్ గడ్డమీద, జాసిం బిన్ హమద్ స్టేడియంలో కూర్చోవడమా? కోనసీమ తమ్ముడు కళ్లెర్రజేశాడు. నేను మాత్రం వెళ్లాను. ఎర్రచొక్కా కుదరదు, తెల్లచొక్కా మనసొప్పదు. నీలం వేసుకుంటే, అది సువాన్ రంగని అన్న గుర్తుచేశాడు. చివరికి ఆకుపచ్చది తొడుక్కున్నాను. మొదటి నిమిషాల్లోనే సువాన్ ఒక గోల్ కొట్టింది. ఇంకొకటి పడితే లెక్క సమానం. మిగిలిన సేపంతా అన్న నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నాకు తెలియకుండానే "కొట్టవయ్యా బయటికి!" అని సద్ డిఫెండర్ల మీద కేకలు వేస్తున్నాను. మ్యాచ్ 0-1తో పోయింది, మొత్తం మీద 2-1తో సద్ ఫైనల్ చేరింది. దారిలో ఒక పెట్టె లడ్డూ కొన్నాం. ఎవరు డబ్బిచ్చారో గుర్తులేదు.

ప్రత్యర్థికి జై అనవచ్చునా?

ఫైనల్ వరకు పది రోజులు మా గదిలో ఇదే చర్చ. రాష్ట్రాల గొడవ కాస్త పక్కకు జరిగిందంటే ఈ చర్చ పుణ్యమే. కోనసీమ తమ్ముడి వాదన బలంగానే ఉండేది. "లీగ్‌లో వాడు మనల్ని ఓడించి ఏడిపించాడు. ఇప్పుడు వాడు పెద్ద పోటీకి వెళ్లగానే మనవాడయిపోతాడా? అదేం అభిమానం? వాడు ఓడితేనే నాకు పండగ" అనేవాడు. ఆ మాటలో నిజాయితీ ఉంది. పంతం లేని అభిమానం ఉప్పులేని పప్పు.

చాచా దానికి హైదరాబాద్ కథలు తీసేవాడు. రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. సికింద్రాబాద్ వైపు నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ప్రాణం. అదే సికింద్రాబాద్ వాడు విక్టర్ అమల్‌రాజ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ నాయకుడయ్యాడు. "కలకత్తాలో ఆ మూడు క్లబ్బులోళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మన పిల్లగాళ్లు మూడిండ్లలోనూ అన్నం తిన్నరు. ఆ క్లబ్బుల ఆటగాళ్లే దేశం కోసం ఒకే చొక్కా తొడిగినరు. మరి దేశానికి ఆడేటప్పుడు నువ్వు ఎవర్ని తిడతవు?" అని చాచా అడిగేవాడు.

నాకు తోచిన సమాధానం ఇది. పంతం అనేది పరిచయం నుంచి పుడుతుంది. కొరియాలోని జియోన్‌బుక్ జట్టంటే నాకు కోపం లేదు, ఎందుకంటే వాళ్లెవరో నాకు తెలియదు. సద్ అంటే కోపం ఉంది, ఎందుకంటే సి రింగ్ రోడ్డు మీద వాళ్ల కార్లు నాకు ఎదురవుతాయి, వాళ్ల అభిమాని నా పక్క మంచం మీద పడుకుంటాడు. అంతగా తెలిసినవాడు ఊరు దాటి పెద్ద పరీక్షకు వెళుతుంటే, తెలియనివాడి గెలుపు కోరుకోవడానికి నాకు మనసు రాలేదు. మన ఊళ్లలో పక్కింటివాళ్లతో గట్టు తగాదా ఉన్నా, వాళ్ల అమ్మాయి పెళ్లికి పందిరి గుంజ పాతడానికి వెళ్లమా? పెళ్లయ్యాక గట్టు తగాదా మళ్లీ గట్టు మీదే ఉంటుంది. అదీ పద్ధతే.

నవంబర్ 5

ఫైనల్ నాడు శనివారం, బక్రీదుకు ముందురోజు. కొరియాలో రాత్రి, మనకు మధ్యాహ్నం. చాచా అరఫా ఉపవాసంలో ఉన్నాడు. నా అదృష్టపు ఆకుపచ్చ చొక్కా పెట్టెలోకి వెళ్లిపోయింది, జియోన్‌బుక్ రంగు అదేనట! అయిదుగురం ఒకే టీవీ ముందు కూర్చున్నాం. కోనసీమ తమ్ముడు గోడకేసి తిరిగి పడుకున్నట్టు నటించాడు.

జియోన్‌జు స్టేడియంలో నలభై వేల మందికి పైగా జనం. 18వ నిమిషంలో ఎనీన్యో గోల్ కొట్టాడు. 29వ నిమిషంలో జియోన్‌బుక్ వాళ్లే బంతిని తమ గోల్‌లో వేసుకున్నారు. 61వ నిమిషంలో కాదర్ కేయిటా గోల్‌తో సద్ 2-1. ఇక అయిపోయిందనుకుని అన్న లేచి నిలబడ్డాడు. అదనపు నిమిషాల్లో లీ సుంగ్ హ్యున్ సమం చేసేశాడు. అన్న అలాగే కూలబడ్డాడు. గోడవైపు నుంచి "ఛ!" అని వినబడింది. చూస్తే తమ్ముడు లేచి కూర్చున్నాడు. పెనాల్టీలలో గోల్‌కీపర్ మహమ్మద్ సఖర్ రెండు ఆపాడు. సద్ 4-2తో గెలిచింది. అన్న నన్ను, కడప బావను, చివరికి తమ్ముణ్ణి కూడా వాటేసుకున్నాడు. బయట కార్ల హారన్లు మోగుతున్నాయి.

సాయంత్రం చాచా ఉపవాసం విడిచేవేళకు ఒకే గిన్నెలో అన్నం వండాం. మర్నాటికి మళ్లీ రెండు కుక్కర్లూ పొయ్యి పక్కకు చేరాయి. అంత తొందరగా మనసులు మారవు. కానీ ఉప్పు అడిగితే ఇచ్చుకునేవాళ్లం. కొత్త సంవత్సరం వచ్చాక ఒక కుక్కర్ పాడైంది. ఎవరూ కొత్తది కొనలేదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన రోజు ఆ మెస్‌లోనే అన్న అందరికీ పాయసం వండి పెట్టాడు. మా చెల్లెలి ఫ్లాటుకు ఏమీ కాలేదు, ఈనాటికీ అక్కడే ఉంటున్నారు.

అదే 2011 డిసెంబర్‌లో సద్ జపాన్‌లో క్లబ్బుల ప్రపంచ కప్ ఆడింది. బార్సిలోనా చేతిలో 4-0తో ఓడి, కషివా రేసోల్‌ను పెనాల్టీలలో గెలిచి మూడో స్థానం తెచ్చుకుంది. ఆ బార్సిలోనా మేటి షావీ 2015లో సద్ చొక్కానే తొడుక్కుని దోహాలో ఆడాడు. లీగ్‌లో మేము ఆయన్నీ తిట్టాం. తిట్టకపోతే ఎలా!

ఆ తర్వాత నా కుటుంబం వచ్చింది. పిల్లవాడు దోహాలో పుట్టాడు. వాడు ఎవరి అభిమాని అయ్యాడో ఊహించండి. స్కూల్లో స్నేహితులంతా సద్ అట! 2023 మే 12న అమీర్ కప్ ఫైనల్లో మా అరబీ అదే సద్‌ను 3-0తో ఓడించి, 1993 తర్వాత తొలిసారి ఆ కప్పు అందుకుంది. ముప్పై ఏళ్ల కరువు తీరింది. స్టేడియంలో నా పక్కనే కూర్చున్న పిల్లవాడు మూతి ముడుచుకుని, ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు. ఆ రాత్రే కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది. అన్న ఇప్పుడు ఊళ్లో ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. "తమ్మీ, ముప్పై ఏండ్లకు గెలిసిన్రు, మా మీదనే గెలిసిన్రు. నాకు కడుపు మండుతాంది. అయినా నీకు మిఠాయి పంపిస్త" అన్నాడు. పంపించాడు కూడా.

సంఘ సభ్యుల కుటుంబాలకు నా మనవి ఒక్కటే. మన క్రీడోత్సవాల్లో జిల్లాల పేర్లతో, పేటల పేర్లతో జట్లు కడుతున్నాం. ఈలలు వేస్తున్నాం, అంపైర్లతో తగవు పడుతున్నాం. మంచిదే. పంతాలు గట్టిగానే పట్టండి. కానీ మనల్ని ఓడించిన జట్టు రేపు ఇతర రాష్ట్రాల సంఘాలతో ఫైనల్ ఆడుతుంటే ఇంట్లో కూర్చోకండి. పిల్లల్ని తీసుకుని వెళ్లండి. చొక్కా రంగు మార్చుకోనక్కరలేదు, గొంతు కలిపితే చాలు.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. లీగ్‌లో మాత్రం అరబీకే జై!