తిరగాలి, ఊడకూడదు

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి చిన్నప్పుడు బడి చదువు అంతగా అబ్బలేదు గానీ యంత్రాలంటే ప్రాణం. ఒకసారి తండ్రి గడియారాన్ని ముక్కలు ముక్కలుగా విప్పేసి, మళ్లీ బిగించేదాకా బడికీ పోలేదు, అన్నమూ ముట్టలేదని ఆయన జీవితచరిత్ర రాసిన మేరీ లట్యెన్స్ చెబుతుంది. గడియారం అనగానే మనకు గుర్తొచ్చేదీ ఆ లోపలి సంసారమే: పళ్లచక్రాలు, వెంట్రుకంత స్ప్రింగు, టిక్కుటిక్కు. ఈ వ్యాసం అంత లోపలికి పోదు. జేబు గడియారానికి పైన, గొలుసు తగిలించే చోట, ఒక రింగు ఉంటుంది చూడండి, దాని దగ్గరే ఆగిపోతుంది. గడియారం లోపల ఎంత గొప్ప పనితనం ఉన్నా ఆ రింగు ఊడి బండరాయి మీద పడితే అంతా వృథాయే కదా.

అమరిక చూడ్డానికి చాలా తేలిక. కేసు నుంచి పైకి పొడుచుకొచ్చిన పొట్టి గొట్టాన్ని మెడ అనుకుందాం. మెడ మీద కీ ఇచ్చే గుండీ. మెడకు అటొకటి ఇటొకటి రెండు చిన్న గుంతలు. రింగు పూర్తి వలయం కాదు, కింద తెగి ఉంటుంది. ఆ తెగిన రెండు కొనలూ లోపలికి తిరిగి ఆ గుంతల్లో కూర్చుంటాయి. వాటిని అక్కడ నిలిపి ఉంచేది మేకు కాదు, టంకం కాదు, రింగు లోహానికున్న బిగువు మాత్రమే. విప్పదీస్తే సాగి, వదిలేస్తే మళ్లీ దగ్గరికి వచ్చే గుణం. ఆ బిగువు ఉన్నంతకాలం కొనలు గుంతల్లో ఉంటాయి.

మరి బిగువు ఎందుకు చాలదు? బరువు వల్ల కాదు. మామూలు జేబు గడియారం 100 గ్రాములు ఉంటుందనుకుందాం. కదలకుండా వేలాడుతుంటే రింగు మోసేది ఆ 100 గ్రాములే. చిక్కంతా కుదుపుతో. వంగినప్పుడు గడియారం పైజేబులోంచి జారి 30 సెంటీమీటర్లు పడి, గొలుసు బిగుసుకుని ఆగిందనుకోండి. గొలుసు, గుడ్డ కలిసి 3 మిల్లీమీటర్లు మాత్రమే సాగి ఇచ్చాయనుకుంటే, 30 సెంటీమీటర్లలో కూడగట్టుకున్న శక్తి మొత్తం ఆ 3 మిల్లీమీటర్లలో తీరిపోవాలి. దూరం వందో వంతుకు తగ్గింది కాబట్టి బలం వంద రెట్లవుతుంది. అంటే ఆ క్షణాన రింగు మీద పడేది 10 కిలోల బరువుతో సమానం. గొలుసు ఉందిలే అన్న ధైర్యం రింగు దగ్గరే తెగిపోతుందన్నమాట.

ఆ 10 కిలోలు రింగును ఏం చేస్తాయో తిరుపతి గాంధీ రోడ్డులో నగలపని చేసే ఏ ఆచారిని అడిగినా చెబుతాడు. గొలుసును కొక్కేనికి కలిపే చిన్న వలయాన్ని తీగ వంచి, కొనలు రెండూ ఆనించి వదిలేస్తే అది గట్టి లాగుడికి నోరు తెరుస్తుంది. వలయాన్ని పైనుంచి లాగినప్పుడు దాని పక్క వంపులు సాగి తిన్నబడాలని చూస్తాయి. వంపు తిన్నబడేకొద్దీ కొనలు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. అందుకే ఆయన వెలిగారం అద్ది, ఊదుగొట్టంతో మంట పట్టి, ఆ సందులో టంకం పారిస్తాడు. సందు మూసుకున్నాక అదే తీగ, అదే మందం, ఎంత లాగినా కోలగా సాగుతుందే తప్ప నోరు తెరవదు. తాళి గొలుసు కొనేటప్పుడు తూకం, హాల్‌మార్కు చూసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే టంకం పడని వలయం ఎక్కడైనా ఉందా అని కూడా చూడాలి.

గడియారం రింగుకూ అదే మందు వేయొచ్చు కదా? వేయకూడదు. రింగు ముందుకూ వెనక్కూ వాలుతుండాలి. గడియారం చేతిలోకి తీసుకున్నప్పుడు, జేబులో పడుకున్నప్పుడు, గొలుసు పక్కకు లాగినప్పుడు రింగు ఆ దిక్కుకు తిరిగిపోతే మెడ మీద ఒంపుడు బలం పడదు. బిగించేస్తే రింగు మీటలా పనిచేసి మెడను విరిచే ప్రయత్నం మొదలుపెడుతుంది. అంటే ఈ కీలుకు రెండు షరతులు: తిరగాలి, ఊడకూడదు. మొదటిదానికి వదులు కావాలి, రెండోదానికి బిగువు కావాలి. ఈ రెంటికీ మధ్య పేచీయే అసలు సమస్య.

విచిత్రమేమిటంటే, పాత గడియారాల్లో ఈ పేచీ చాలావరకు తీరిపోయే ఉండేది. అప్పట్లో గడియారానికి విడిగా ఒక చిన్న తాళంచెవి ఉండేది. మూత తెరిచి దాంతో కీ ఇచ్చేవాళ్లు. మెడతో లోపలి యంత్రానికి పనేమీ లేదు. కాబట్టి మెడలో ఈ వైపు నుంచి ఆ వైపుకు అడ్డంగా ఒక మరమేకు దూర్చి, రింగు కొనలను దానికే తగిలించగలిగేవాళ్లు. రింగు హాయిగా తిరిగేది, మేకు విప్పితే తప్ప ఊడేది కాదు. 1840లలో ఫ్రెంచి పనివాడు ఆడ్రియన్ ఫిలిప్ తాళంచెవి అక్కర్లేని పద్ధతి కనిపెట్టాడు. పైనున్న గుండీ తిప్పితే చాలు, కీ ఎక్కుతుంది. తర్వాత పటెక్ ఫిలిప్ కంపెనీ పేరులో సగం అయింది ఈయనే. సౌకర్యం గొప్పదే. కానీ గుండీ నుంచి లోపలికి పోయే కడ్డీకి మెడ నడిమధ్యే దారి కావాల్సి వచ్చింది. అడ్డంగా మేకు దూర్చే చోటు పోయింది. ఒక మూల సౌకర్యం పెరిగితే ఇంకో మూల బలహీనత పుట్టడం యంత్రాల చరిత్రలో మామూలే. దాంతో రింగు స్ప్రింగు బిగువును నమ్ముకుని రెండు పైపై గుంతల్లో కూర్చుంది.

ఇక దొంగలకు పండగే. పందొమ్మిదో శతాబ్దపు లండన్ జేబుదొంగలు గొలుసు జోలికే పోయేవాళ్లు కాదు. గడియారాన్ని జేబులోంచి మెల్లగా పైకి లేపి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య రింగును మెలిపెట్టి, గడియారం పట్టుకుని గుంపులో కలిసిపోయేవాళ్లు. పోగొట్టుకున్నవాడు ఇంటికి వెళ్లి చూసుకుంటే గొలుసూ రింగూ చొక్కాకే వేలాడుతుండేవి. బ్రహ్మోత్సవాల గుంపులో ఒకసారైనా నలిగినవాళ్లకు ఆ నేర్పు ఎలా సాధ్యమో విడమరిచి చెప్పక్కర్లేదు. మెలిపెట్టడంలో ఉన్న కిటుకు ఒక్కటే: నేరుగా లాగితే రింగు కొద్దిగానే నోరు తెరుస్తుంది, పక్కకు మెలిపెడితే రింగే మీటగా మారి ఒక కొన సులువుగా గుంతలోంచి లేస్తుంది.

1890ల మొదట్లో అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని కీస్టోన్ వాచ్ కేస్ కంపెనీ దీనికొక పరిష్కారాన్ని తెగ ప్రచారం చేసింది. ఆ కంపెనీ గడియారాలు చేసేది కాదు, కేసులు చేసేది. అందుకే కాబోలు, మిగతావాళ్లు పట్టించుకోని చోట దాని చూపు పడింది. ఉపాయం ఇది: రింగు కొనలు గుంతల్లో పైపైన ఆగకుండా మెడ గోడను దాటి లోపలికి వస్తాయి. ప్రతి కొన మీదా ఒక గాడి ఉంటుంది. మెడ లోపలికి పైనుంచి ఒక చిన్న పట్టీలాంటి గొట్టం దింపుతారు. దాని అంచు సరిగ్గా ఆ గాడుల్లో కూర్చుంటుంది. గొట్టం మధ్యలోంచి కీ కడ్డీ యథాప్రకారం పోతుంది. రింగు తన గాడి చుట్టూ తిరగగలదు, బయటికి మాత్రం రాలేదు. రావాలంటే ముందు ఆ గొట్టాన్ని పైకి లాగాలి, దాని మీద గుండీ ఉంది.

ఇందులో నాకు నచ్చిన సంగతి, వాళ్లు రింగును మందం చేయలేదు, బిగువు పెంచలేదు. పట్టు ఎక్కడుండాలో మార్చారు. ఇంతకుముందు రింగు ఊడాలంటే స్ప్రింగు బిగువును గెలిస్తే చాలు. ఇప్పుడు లోహాన్నే కోసుకుని రావాలి. తిరగడానికి కావాల్సిన వదులూ, ఊడకుండా ఉంచే అడ్డూ రెండు వేర్వేరు భాగాలకు అప్పగించారు కాబట్టి ఒకటి పెంచితే రెండోది తగ్గే తలనొప్పి పోయింది.

సరే, ఊడటం ఆగింది. అరగడం? దానికి మన ప్రాంతపు ఉదాహరణ రైలు గార్డే. మద్రాసు నుంచి రేణిగుంట, గుంతకల్లు మీదుగా పోయే దారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు విల్లుపురం, కాట్పాడి నుంచి పాకాల మీదుగా ధర్మవరానికి మీటరుగేజి వచ్చింది. ఆ రోజుల్లో రైళ్లు నడిచింది మద్రాసు టైము ప్రకారం. తిరుపతిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మద్రాసు కంటే సుమారు 3 నిమిషాలు ఆలస్యంగా. ఊరి పొద్దు ఏం చెప్పినా గార్డు మాట్లాడేది జేబులోని గడియారం మాటే. ప్రతి స్టేషనులో గొలుసు పట్టి పైకి లాగడం, చూడడం, వదలడం. రోజుకు 30 సార్లు అనుకున్నా ఏడాదికి 10,000 దాటుతుంది. లాగిన ప్రతిసారీ రింగు కొన గుంత పై అంచును రాసుకుంటుంది. మధ్యలో ఇంజను పొగలోని మసి, రాయలసీమ ఎండాకాలపు దుమ్ము చేరి గరుకు కాగితం పని చేస్తాయి. గుండ్రటి గుంత కొన్నేళ్లకు పైకి సాగి కోలగా మారుతుంది. అరుగుడు మెడ గోడను దాటిందా, ఆ దుమ్ముకు గడియారం లోపలికే దారి దొరుకుతుంది.

బంగారం మెత్తన కావడం ఇంకో తంటా. మేలిమి బంగారంతో రింగు చేస్తే చేత్తోనే వంచొచ్చు. అందుకే కేసులకు రాగి, వెండి ఎక్కువ కలిపిన 14 క్యారెట్ల బంగారం వాడేవాళ్లు. 14 క్యారెట్లంటే వందకు 58 పాళ్లే బంగారం. జేమ్స్ బాస్ అనే అమెరికన్ 1859లో ఇంకా చవక దారి చూపాడు: ఇత్తడిలాంటి లోహపు రేకుకు అటూ ఇటూ బంగారు రేకులు అతికి, అన్నీ కలిపి రోలర్ల మధ్య నొక్కడం. చూపుకు బంగారం, బలానికి ఇత్తడి. అలాంటి పాత గడియారం ఎవరైనా అమ్మజూపితే ముందు రింగునూ మెడనూ చూడండి. కేసు తళతళలాడుతున్నా రింగు కొనల దగ్గర ఇత్తడి తొంగిచూస్తుంటే ఆ గడియారం గట్టిగా వాడిందే.

వాచీ రిపేరు బల్ల దగ్గర ఈ రింగు గురించి జరిగే మాటలు దాదాపు ఇలాగే ఉంటాయి.

"రింగు మళ్లీ ఊడొచ్చింది బాయ్. రవ్వంత నొక్కి ఇస్తే చాలు."

"నొక్కేది ఎంతసేపు సార్! గుంత అరిగిపోయి ఉండాది. నొక్కితే ఇంకా గట్టిగా రాసుకుంటాది, ఇంకా అరుగుతాది."

"పోనీ టంకం పెట్టేయకూడదా?"

"పెడితే తిరగదు. తిరగలేదంటే ఈసారి మెడే ఇరుగుతాది."

మీటల సూత్రం ఆయన ఏ పుస్తకంలోనూ చదివి ఉండకపోవచ్చు. విరిగిన మెడలు చూసి నేర్చుకున్నాడు. ఆయన చేసే పని చూడదగ్గది. ముందు యంత్రాన్ని కేసులోంచి పూర్తిగా బయటికి తీసి మూత కింద పెడతాడు. కోలగా అరిగిన గుంతను కొంచెం పెద్ద బర్మాతో మళ్లీ గుండ్రంగా తొలుస్తాడు. ఆ రంధ్రంలో గట్టి లోహపు బుష్షు నొక్కి కూర్చోబెడతాడు. బుష్షు నడుమ రంధ్రం రింగు కొనకు సరిపోయేంతే ఉంటుంది. తర్వాత రింగును పటకారుతో దగ్గరికి తెస్తాడు, రెండు పక్కలా సమానంగా. ఒక పక్కే నొక్కితే రింగు వాలిపోయి ఆ వైపు కొన త్వరగా అరుగుతుంది. ఇకపై అరిగేది బుష్షు. అది మళ్లీ మార్చుకోవచ్చు, మెడ మారదు.

ఈ కథ జేబు గడియారంతోనే అయిపోలేదు. మొదటి ప్రపంచయుద్ధం నాటి సైనికులకు జేబులోంచి గడియారం తీసే తీరిక లేక, చిన్న జేబు గడియారాల్లాంటివాటికి అటూ ఇటూ తీగ కమ్ములు టంకం పెట్టి, తోలుపట్టీ దూర్చి మణికట్టుకు కట్టుకున్నారు. ఆ కమ్మి ఊడే ప్రశ్నే లేదు. తిరిగే పని పట్టీదే. తర్వాత పట్టీ సులువుగా మార్చుకోవడానికి స్ప్రింగు పుల్లలు వచ్చాయి. లోపల స్ప్రింగు, రెండు కొనలూ కేసు కొమ్ముల్లోని రెండు చిన్న గుంతల్లో. పైన చదివిన రింగు అమరికలాగే లేదూ! బలహీనతా అదే. బ్రిటిష్ సైన్యం చాలాకాలం తన వాచీలకు కదలని కమ్ములే కావాలని పట్టుబట్టడానికి కారణం ఇదే.

తిరుమల హుండీలో భక్తులు వేసిన వాచీలను టీటీడీ లాట్లుగా కట్టి ఈ-వేలంలో అమ్ముతుంటుంది. ప్రకటనల్లో టైటన్, క్యాషియో, టైమెక్స్, సొనాటాలతోపాటు మన హైదరాబాదు ఆల్విన్ పేరు కూడా కనిపిస్తుంటుంది. కొత్తవి, వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని వేరుచేస్తారు. అలాంటి లాటు కొనేవాళ్లు యంత్రం నడుస్తోందా అని ఒక్కటే చూస్తే చాలదు. కొమ్ముల్లోని గుంతలు అరిగాయేమో గోటితో తడిమి చూడాలి. స్ప్రింగు పుల్ల కొద్ది రూపాయలకు దొరుకుతుంది, అరిగిన కొమ్ముకు మాత్రం కేసే మార్చాలి.

ఇంట్లో తాతగారి జేబు గడియారం ఉన్నవాళ్లు కేసును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి రెండువేళ్లతో రింగును మెల్లగా పైకీ కిందికీ కదిపి చూడండి. ముందుకూ వెనక్కూ వాలితే మంచిదే. పైకీ కిందికీ టకటక ఆడితే గుంత కోలపోయినట్టు. రింగును ఒక పక్కకు నెట్టినప్పుడు రెండో పక్క కొన బయటపడేలా కనిపిస్తే గొలుసు తగిలించొద్దు. జిగురు పోయొద్దు, అది మెడలోంచి కీ కడ్డీ దాకా పాకుతుంది. యంత్రం లోపల ఉండగా మంట అసలే చూపించొద్దు, నూనె మాడుతుంది, డయలు పగుళ్లిస్తుంది. నొక్కి ఇస్తానన్నవాడి దగ్గర కాకుండా బుష్షు వేస్తానన్నవాడి దగ్గర ఇవ్వండి. తెచ్చుకున్నాక గొలుసు తగిలించి, పరుపు మీద పట్టుకుని రెండు మూడుసార్లు కుదిపి చూసి, అప్పుడు జేబులో వేసుకోండి.