వార్తల్లో పదం: విటమిన్‌ డి

ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రమైన బిలాస్‌పూర్‌లో ఎండకు కొదవ లేదు. అక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ సంగతి తెలిసిందే. కానీ ఊళ్లో ఎండ ఉంటే చాలదు. తిరుపతి స్విమ్స్‌ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పగలంతా పొలంలో పనిచేసే పల్లెవాసుల్లోనూ విటమిన్‌ డి లోపం బయటపడింది.

విటమిన్‌ డి శరీరంలో హార్మోన్‌లా పనిచేస్తుంది. ఎండ తగిలిన చర్మంలో పుట్టి, కాలేయంలో, మూత్రపిండాల్లో రూపం మార్చుకుంటుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు అండాశయంలోనూ, గర్భాశయపు లోపలి పొరలోనూ ఉన్నాయి. గర్భధారణకు అడ్డుపడే హార్మోన్ల సమస్య పీసీఓఎస్‌ ఉన్నవారిలో డి లోపం తరచూ కనిపిస్తుంది. అయితే అధిక బరువు వల్ల కూడా రక్తంలో డి తగ్గుతుంది కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చడం కష్టం.

మరి డి బిళ్లలు మింగితే గర్భం నిలుస్తుందా?

ఇటలీలో జరిగిన ‘సండ్రో’ ప్రయోగంలో, ఐవీఎఫ్‌కు వచ్చిన, డి తక్కువగా ఉన్న మహిళలకు ఒకేసారి 6 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. గర్భధారణ అవకాశం పెరగలేదు. బిడ్డ కోసం ఏళ్లుగా తపించే దంపతులకు ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

లోపం ఉంటే సరిదిద్దుకోవాల్సిందే, ఎముకల కోసమైనా. అమెరికాలోని ఎండోక్రైన్‌ సొసైటీ 2024లో గర్భిణులకు విటమిన్‌ డి ఇవ్వాలని సూచించింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలందరికీ రక్తపరీక్ష అక్కర్లేదంది. వారానికోసారి వేసుకోవాల్సిన 60 వేల యూనిట్ల బిళ్లను రోజూ మింగితే మాత్రం రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదముంది.